యాభైకి నాలుగు తక్కువ

ముప్పై మూడేళ్ల సర్వీసులో నన్ను ఒక్కసారే సస్పెండ్ చేశారు. చేసింది ప్రభుత్వం కాదు, ఒక వెబ్‌సైటు. వారం రోజుల పాటు. కారణం, వాళ్ల మాటల్లోనే చెప్పాలంటే, మోసంతో పరపతి పెంచుకోవడం. సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎర్ర సిరా గీత లేకుండా బయటపడాలని ఇరవై ఏళ్లుగా జాగ్రత్తపడుతున్న మనిషిని నేను. ఆ రోజు టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయాను.

ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి చెప్పుకోవచ్చు. ప్రోగ్రాములు రాసే పిల్లలు, ఇలాంటి సైట్లలో కొత్తగా చేరి "నన్నెవరూ లెక్కచేయడం లేదు" అని మొహం మాడ్చుకునే పిల్లలు చదువుతారని రాస్తున్నాను. మీ బాధ నాకు తెలుసు. మీకంటే ముప్పై ఏళ్లు పెద్ద వయసులో ఆ బాధ పడ్డాను.

మాది వానలూ పంటలూ లెక్కపెట్టే శాఖ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు చోట్లా పనిచేశాను. ఈ సంగతి ఏ జిల్లాలో జరిగిందో మాత్రం చెప్పను. అందులోని వాళ్లు కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు, పెళ్లిళ్లలో ఎదురవుతుంటారు. మండలాల నుంచి ప్రతి పొద్దునా ఎంత వాన పడిందో తెప్పించుకుని, పట్టికలో ఎక్కించి, పైకి పంపడం నా పని. వానాకాలమంతా అవే అంకెలు చేత్తో కొట్టి కొట్టి విసుగెత్తి, యాభై ఆరో ఏట వీడియోలు చూసి ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాను. ఎవరూ నేర్పలేదు, కోపంతో నేర్చుకున్నాను. నేను నేర్చుకున్నవన్నీ కోపంతోనే నేర్చుకున్నాను, స్కూటరుతో సహా.

ఎక్కడైనా ఆగిపోతే అడగడానికి ఒక సైటు ఉందని తెలిసింది. ప్రపంచంలో ఎవరైనా అక్కడ ప్రోగ్రాముల మీద ప్రశ్న అడగవచ్చు, ఎవరైనా జవాబు చెప్పవచ్చు. బాగుందని నలుగురూ ఓటేస్తే పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్ల పేరే పరపతి. చేరిన రోజు అందరికీ ఒకటి ఇస్తారు. ఎన్ని చీవాట్లు తిన్నా అది ఒకటి కంటే కిందికి పోదు. ఆ నిబంధన చూసి, పరవాలేదు, దయగల ఆఫీసే అనుకున్నాను.

మొదటి ప్రశ్నను నాకు వచ్చిన పద్ధతిలోనే రాశాను. పైన విషయం, దాని కింద సూచిక, ఆ కింద గౌరవనీయులైన పెద్దలకు నమస్కరించి సవినయంగా విన్నవించుకునేది ఏమనగా అనే అర్థం వచ్చే ఇంగ్లీషు. నేను ఎవరిని, ఏ శాఖ, ఎన్నేళ్ల సర్వీసు, ఈ ఇబ్బంది ఏ పరిస్థితుల్లో తలెత్తింది, అన్నీ వివరించి, చివరి నుంచి రెండో వాక్యంలో అసలు ప్రశ్న పెట్టాను. ఆఖరున ముందస్తు ధన్యవాదాలు. మా ఆఫీసులో అయితే మంచి డ్రాఫ్టని అనేవాళ్లు.

పది నిమిషాల్లో ఎవరో వచ్చి కోసేశారు. విషయం పోయింది, సూచిక పోయింది, నా సర్వీసు పోయింది. నమస్కారం, ధన్యవాదాలు రెండూ పోయాయి. మిగిలినవి రెండు లైన్లు. ఊరూ వయసూ తెలియని ఆ మనిషికి పరపతి లక్ష దాటి ఉంది. నేను మళ్లీ నమస్కారం పెట్టాను. తీసేశాడు. మళ్లీ పెట్టాను, ఈసారి రెండు పెట్టాను. మూడోసారి కూడా తీసేసి, ఇక్కడ ప్రశ్న మాత్రమే ఉండాలి అని కింద ఒక ముక్క రాశాడు. అతనికి కత్తెర అని పేరు పెట్టుకున్నాను.

నా పక్క సీటులో టైపిస్టు ఉండేది. గద్వాల నేతవాళ్ల ఇంటి ఆడపడుచు, ఆఫీసులో ఎవరికి కష్టం వచ్చినా తనకే వచ్చినట్టు నడుం బిగించే మనిషి. నా మొహం చూసి సంగతేందని అడిగింది. చెప్పాను. నమస్తే పెడితే కూడా తప్పయ్యే లోకంలో మనకెందుకక్కా అని కంప్యూటరు ఆపేయమంది. ఇంతలో ఎవరో నా రెండు లైన్ల ప్రశ్నకు రెండు లైన్ల జవాబు ఇచ్చారు. అది పనిచేసింది. పనిచేసినందుకు నాకు ఇంకా కోపం వచ్చింది.

అక్కడితో ఆగిపోతే ఇది రాసేదాన్ని కాదు. ఆ తరువాతి వానాకాలంలో ఒక మనిషి ఉద్యోగం ఆ పాయింట్లకు వేలాడింది.

మా జిల్లాలో పాత వాన డబ్బా, కొత్త ఆటోమేటిక్ యంత్రం రెండూ ఒకే ఆవరణలో ఉన్నది ఒక్క మండలాఫీసులోనే. గరాటా పెట్టిన ఆ పాత డబ్బాను చూసేది అక్కడి అటెండరు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. పొద్దున ఎనిమిదిన్నరకు కంచె తాళం తీసి, డబ్బాలో చేరిన నీళ్లు గాజు కొలపాత్రలో పోసి చూసి, పొడుగు నోట్‌బుక్కులో రాసి, నాకు ఫోన్ చేస్తాడు. మా ఇద్దరికీ ఒక ఏర్పాటు ఉండేది. వాన పడకపోతే మిస్డ్ కాల్, పడితే నేను ఎత్తేదాకా మోగుతుంది. తమ్ముడి పెళ్లినాడు కూడా మనిషి వచ్చి డబ్బా చూసి, మిస్డ్ కాల్ ఇచ్చి, అప్పుడు పందిట్లోకి పోయాడు.

ఆ ఏడు మాకు వేరే శాఖ నుంచి కొత్త అధికారి వచ్చారు. చురుకైన మనిషి, చెడ్డవారు కాదు. డబ్బా లెక్కనూ యంత్రం లెక్కనూ పోల్చి చూడాలని, హైదరాబాదులో ఒక కంపెనీ ఇంజినీరు చేత ప్రోగ్రాం రాయించారు. రెండు నెలల వాన అందులో పోస్తే వాన పడిన ఒక్క రోజూ కలవలేదు. అటెండరు వాన రాసిన రోజు యంత్రం ఎండ అంటోంది. యంత్రం వాన అన్న రోజు అటెండరు సున్నా రాశాడు. ఇంట్లో కూర్చుని నోటికొచ్చింది రాస్తున్నాడని అధికారి తేల్చారు. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేదా తీసేస్తాం అని మెమో పోయింది. అతను ఔట్‌సోర్సింగ్ మనిషి. తీసేయడానికి ఒక్క లైను చాలు.

మరుసటి రోజు మెమో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పని బోతె ఇంకోటి సూస్కుంట మేడం," అన్నాడు. "గని దొంగ వాన రాసిండని అన్నంక ఊర్ల ఎట్ల తిరగాలె?"

నేను ఆ రెండు పట్టికలూ ప్రింటు తీసుకున్నాను. కత్తిరించి పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని ఒక గడి కిందికి జరిపాను. అన్ని రోజులూ కలిసిపోయాయి.

మీకు అర్థమయ్యేలా చెబుతాను, ఇందులో లెక్కలేమీ లేవు. వానకు రోజు అర్ధరాత్రి మారదు, పొద్దున ఎనిమిదిన్నరకు మారుతుంది. నాలుగో తేదీ ఎనిమిదిన్నర నుంచి ఐదో తేదీ ఎనిమిదిన్నర దాకా పడిన వానంతా ఐదో తేదీది. ఎందుకంటే డబ్బా తెరిచి చూసేది ఐదో తేదీన. ఇంజినీరు ప్రోగ్రాం ఆ ఇరవై నాలుగు గంటల్నీ సరిగ్గానే కూడింది కానీ, ఆ మొత్తానికి నాలుగో తేదీ అని పేరు పెట్టింది. రోజుకు మొదలైన పొద్దు పేరు పెట్టాలా, ముగిసిన పొద్దు పేరు పెట్టాలా అన్నదే తేడా. అటెండరు నిజం రాశాడు, ప్రోగ్రామే ఒక రోజు వెనక నడుస్తోంది.

కాగితాలు పట్టుకుని అధికారి దగ్గరికి పోయాను. ఆయన ఓపికగా చూశారు. జరుపుకుంటూ పోతే ఏదైనా ఎక్కడో ఒకచోట కలుస్తుంది కదా అన్నారు. ఇంజినీరుకు ఫోన్ చేయించాను. ఎనిమిదిన్నర సంగతి నాకూ తెలుసు మేడం, దానికోసమే ఆ సైటులో ఉన్న జవాబు తీసుకుని వాడాను, దానికి ఆరు వందల ఓట్లున్నాయి, ఆరు వందల మంది తప్పు, మీ అటెండరు ఒక్కడు ఒప్పా అని నవ్వాడు. అధికారి ఆ మాట పట్టుకున్నారు.

"అది తప్పని ఆ సైటులోనే రాయించి తెండి, మేడమ్ గారూ. నాకు కాగితం కావాలి."

సీటుకు వచ్చి ఆ జవాబు వెతికాను. దొరికింది. వాన డబ్బా రోజుల్ని ఎలా కూడాలి అనే ప్రశ్నకు, చక్కగా, పొందికగా రాసిన జవాబు. తప్పు కూడా అంతే చక్కగా ఉంది. దాని కింద వ్యాఖ్య రాయబోతే ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. వ్యాఖ్య రాయాలంటే పరపతి యాభై ఉండాలట. అంత పేరున్న ప్రశ్నకు కొత్తవాళ్లు జవాబు రాయడం కూడా నిషేధమట. నాకు ఉన్నది ఒకటి.

టైపిస్టుకు ఇదంతా చెబితే ఆమె కొంచెం కూడా కంగారుపడలేదు. మా ఆఫీసులో ఎవరికి బదిలీ వచ్చినా, ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా ఒకటే మందు. ఒక అర్జీ రాసి అందరి సంతకాలూ పెట్టించి పంపుతాం. ఒక్కరినీ వదలం, వదిలితే నొచ్చుకుంటారు.

"మేమంత లేమా అక్కా?" అంది. "ఒక్కొక్కలం ఒక్కో ప్రశ్న అడుగుతం. నువ్వు జవాబు జెప్పు, మేం మెచ్చుకుంటం. ఐపాయె."

ప్రశ్న అడిగిన మనిషి ఒక జవాబును మెచ్చుకుని గుర్తు పెడితే, జవాబు చెప్పినవాళ్లకు పదిహేను పాయింట్లు. నలుగురు చాలు. కానీ మా ఆఫీసులో పద్నాలుగు మంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరుసగా వచ్చి ఖాతాలు తెరిచారు. జీపు డ్రైవరు, రెండు అంకెలు కలపడం ఎలా అని అడిగాడు. రికార్డు రూము ఆయన, పాత ఫైలు తెరుచుకోవడం లేదని అడిగాడు. ఆయన ఇరవై ఏళ్లుగా అందరినీ అదే అడుగుతున్నాడు. టైపిస్టు ఒక నమూనా తయారుచేసి ఇచ్చింది కాబట్టి పద్నాలుగు ప్రశ్నలూ గౌరవనీయులైన అయ్యా అనే మొదలయ్యాయి. నేను ఒక్కొక్కదానికీ నిమిషంలో జవాబు రాశాను. నాలుగు గంటలకు నా పరపతి రెండు వందల పదకొండు. మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నాం.

అప్పుడైనా వెంటనే ఆ వ్యాఖ్య పెట్టి ఉంటే పని అయిపోయేది. పెట్టలేదు. ఆరు వందల మంది మెచ్చిన జవాబును తప్పంటున్నప్పుడు హడావుడి పనికిరాదని, డ్రాఫ్టు రాసి, దిద్ది, పొద్దున ఫెయిర్ కాపీ పెడదామనుకున్నాను. ముప్పై ఏళ్ల అలవాటు మనిషిని అలా చేస్తుంది.

పొద్దున చూస్తే పద్నాలుగు ప్రశ్నలూ లేవు. రెండు వందల పదకొండు పోయి ఒకటి మిగిలింది. దాని పక్కన సస్పెన్షన్ ఉత్తర్వు. ఒకే ఇంటర్నెట్ లైను నుంచి ఒకే మధ్యాహ్నం ఒకే మనిషిని పొగడడానికి పద్నాలుగు ఖాతాలు పుట్టడాన్ని వాళ్లు గమనించారట. గమనించకుండా ఎలా ఉంటారు? జీపు డ్రైవరు తన ప్రశ్న కింద, మా మేడం చాలా మంచి మనిషి అని కూడా రాశాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పుడు పని చేస్తున్నానని నాకు ఆ మధ్యాహ్నం ఒక్క క్షణం కూడా తోచలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గు. నిజం చెప్పే ఒక మనిషిని నిలబెట్టడానికి నేను పద్నాలుగు అబద్ధాలు పుట్టించాను. వయసు పెరిగిందని బుద్ధి పెరిగినట్టు కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు, నన్ను చూడండి.

అటెండరుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీకు గూడ మెమో ఒచ్చిందా మేడం?"

"వచ్చింది."

"గట్లయితె ఇద్దరం ఒక్కటే," అన్నాడు. ఆ గొంతులో ఆ వారంలో మొదటిసారి నవ్వు వినిపించింది.

పదిహేను రోజుల్లో మూడు పోయాయి, ఏడు సస్పెన్షన్‌కు పోతున్నాయి. ఆ ఏడు రోజులూ రాయడానికి లేదు కానీ చదవడానికి ఉంది. కత్తెర రాసిన జవాబులన్నీ తీసి చదివాను, తప్పులు పట్టుకుందామనే కోపంతో. దొరకలేదు. ప్రతి జవాబు నాలుగు లైన్లు. అడిగినవాడు ఎక్కడ తడబడ్డాడో సరిగ్గా అక్కడ వేలు పెడతాడు, ఇంకో మాట ఉండదు. అతను నా నమస్కారం తీసేసింది నన్ను చిన్నబుచ్చడానికి కాదని, నా వెనక అదే ఇబ్బందితో వచ్చే మనిషికి దారి అడ్డం లేకుండా చేయడానికని నాలుగో రోజుకు అర్థమైంది. అర్థమైంది కానీ నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు.

సస్పెన్షన్ ముగిసేసరికి ఐదు రోజులు మిగిలాయి. పెద్దవాళ్లు ముట్టుకోని ప్రశ్నలు వెతకడం మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులు ఏమీ రాలలేదు. నేను జవాబు టైపు చేసేలోపే ఇంకెవరో పెట్టేసేవాళ్లు. నా వేళ్లు టైపు మిషను కాలం నాటివి.

మూడో రోజు ఒక ప్రశ్న కనిపించింది. ఎవరో పాల కేంద్రంలో పనిచేసే మనిషి, ఏ దేశమో తెలియదు. రోజూ వచ్చే పాల సగటు తీస్తుంటే, ఉండవలసిన దానికంటే తక్కువ వస్తోందట. అప్పటికే ముగ్గురు అతని ప్రోగ్రాంలో లేని తప్పులు చూపించి పోయారు. నేను ప్రోగ్రాం చూడలేదు, అతను ఇచ్చిన పట్టిక చూశాను. కొన్ని రోజులకు గడి ఖాళీగా ఉంది, ప్రోగ్రాం దాన్ని సున్నా అనుకుంటోంది. మాకు ఇది సర్వీసులో చేరిన మొదటి వారంలో తిట్లతో సహా నేర్పిన పాఠం. వాన పడకపోతే సున్నా రాయాలి. డబ్బా చూడకపోతే గీత పెట్టాలి. చూడని రోజుకు సున్నా రాసేవాడు లేని కరువు పుట్టిస్తాడని మా పాత సూపరింటెండెంటు అరిచేవారు. ఆ పాల మనిషికి అదే నాలుగు లైన్లలో రాశాను. నమస్కారం పెట్టలేదు. పెట్టకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

అతను గుర్తు పెట్టాడు, పదిహేను. ముగ్గురెవరో ఓటేశారు, ముప్పై. కింద కత్తెర వచ్చి, ప్రశ్నను చదివి రాసిన జవాబు ఇదొక్కటే అన్నాడు. ఆ మాట టైపిస్టుకు రెండుసార్లు చదివి వినిపించాను. పద్నాలుగో రోజు సాయంత్రానికి నా పరపతి నలభై ఆరు. మరుసటి రోజే గడువు.

పదిహేనో రోజు పొద్దున ఎనిమిదీ ముప్పై అయిదుకు ఫోన్ మోగింది. ఆగలేదు. ఎత్తాను. ఇరవై రెండున్నర మిల్లీమీటర్లు అన్నాడు. తన ఉద్యోగం ఉంటుందో పోతుందో తేలే రోజు పొద్దున కూడా వంగి ఆ గాజు పాత్రలో కన్నుపెట్టి చూశాడు. పది గంటల బస్సుకు వస్తున్న మేడం, నోట్‌బుక్కులన్నీ తెస్తున్న అని చెప్పి పెట్టేశాడు.

నలభై ఆరు. ఇంక ఎవరైనా ఓటేస్తారేమోనని గంటసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాను. ఎవరూ వేయలేదు. నిబంధనలు మళ్లీ మొదటి నుంచి చదివితే చివర్లో ఒకటి దొరికింది. ఇతరుల ప్రశ్నను శుభ్రం చేసి, అది పెద్దవాళ్లకు నచ్చితే, ఒక్కోదానికి రెండు పాయింట్లు. నాకు కావలసినవి సరిగ్గా నాలుగు.

శుభ్రం చేయవలసినవి ఎవరి ప్రశ్నలో మీరు ఊహించే ఉంటారు. మొదటిది ఎవరో కొత్త పిల్లది. ప్రియమైన పెద్దలకు శుభోదయం, నేను చాలా కొత్త, దయచేసి కోపగించుకోకండి, అని నాలుగు లైన్లు రాసి, ఆ తరువాత ప్రశ్న అడిగింది. ఆ నాలుగు లైన్లు చూస్తుంటే నా మొదటి డ్రాఫ్టే గుర్తొచ్చింది. బయట వరండాలో బల్ల మీద అటెండరు ఒళ్లో నోట్‌బుక్కుల కట్ట పెట్టుకుని కూర్చున్నాడు.

కోశాను. శుభోదయం పోయింది, కొత్తదనం పోయింది, కోపగించుకోవద్దన్న మాట పోయింది. ప్రశ్న మిగిలింది, నిజంగా ముందుకంటే బాగా కనబడింది. ఇంకొకరిది కూడా అలాగే కోశాను. మొదటిదాన్ని ఎవరో ఆమోదించారు. రెండోదాన్ని ఆమోదించింది కత్తెర. పన్నెండున్నరకు యాభై అయ్యింది.

ఈసారి డ్రాఫ్టు లేదు, ఫెయిర్ కాపీ లేదు. ఆరు వందల ఓట్ల జవాబు కింద రాసిన నా వ్యాఖ్యకు ఇది తెలుగు:

"వాన రోజుకు పేరు, అది మొదలైన పొద్దుది కాదు, డబ్బా చూసిన పొద్దుది. ఈ లైను వల్ల ప్రతి వానా ఒక రోజు ముందు పడినట్టు కనిపిస్తుంది. రెండు నెలల చేతి లెక్కతో పోల్చి చూశాను. అన్ని రోజులూ సరిగ్గా ఒక్క రోజే తేడా. అబద్ధం రాసే మనిషి ఇంత క్రమంగా రాయలేడు."

ఆ చివరి వాక్యాన్ని కత్తెర తీసేస్తాడనుకున్నాను. తీయలేదు.

భోజనానికి అటెండరును మాతో కూర్చోబెట్టుకున్నాం. అతను ముద్ద మింగలేదు, నేనూ మింగలేదు. టైపిస్టు ఒక్కతే తిన్నది, మా ఇద్దరి కూరలతో సహా. మూడు గంటలకు ఆ జవాబు రాసిన మనిషి తిరిగి రాశాడు. మీరన్నది నిజం, వాన రోజుల సంగతి నాకు పుస్తకాల్లోంచే తెలుసు, మీకు ఎలా తెలిసింది అని. నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఇక్కడ పద్దెనిమిదేళ్లుగా రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బా చూసే మనిషి ఒకరున్నారు, అతని నోట్‌బుక్కు మీ జవాబుతో కలవలేదు, నాకు నోట్‌బుక్కు మీద నమ్మకం. అరగంటలో అతను జవాబు దిద్దాడు. మారింది ఒక్క మాట.

ప్రింటు తీసుకుని అటెండరూ నేనూ అధికారి గదిలోకి పోయాం. ఆయన రెండుసార్లు చదివి, ఇంజినీరుకు ఫోన్ చేసి, ఆ ఒక్క మాట మార్చి మళ్లీ నడపమన్నారు. ఇంజినీరు ఈసారి నవ్వలేదు. పట్టిక వచ్చింది. పక్కపక్కనున్న రెండు రోజులు తప్ప అన్నీ కలిశాయి. వాటిలో మొదటి రోజు మీద అధికారి వేలు పెట్టి, మరి ఇదేంటి అన్నారు. కాగితాలు జరిపి చూసిన రోజు ఆ గడులు నా కంట పడలేదు. అటెండరు నోట్‌బుక్కు విప్పి ఆ తేదీ చూపించాడు. అంకె పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది. కంచె తాళం చెవి దొరకలేదు, పది గంటలకు చూసితిని. ఆ గంటన్నరలో పడిన వాన మర్నాటి లెక్కలోంచి ఈ రోజుకు జరిగింది.

అధికారి నోట్‌బుక్కు తన వైపు తిప్పుకుని ఆ అక్షరాలు చదివారు. తరువాత మెమో ఫైలు మీద తదుపరి చర్య అవసరం లేదు అని రాసి సంతకం పెట్టారు. పొరపాటైందని అనలేదు. మా ఫారాల్లో దానికి గడి లేదు. కానీ అటెండరును కూర్చోమని, టీ తెప్పించారు. మా శాఖలో అంతకంటే పెద్ద మాట ఉండదు.

బయటికి వచ్చాక దిద్దిన జవాబు మళ్లీ తెరిచి చూస్తే, అప్పుడు కనిపించింది. ఆ మనిషి జవాబు అడుగున ఒక లైను కలిపాడు. అటెండరుకు తెలుగులో చదివి వినిపించాను: "ఈ తప్పును పట్టుకున్నది, భారతదేశంలో ఒక మండలాఫీసులో రోజూ పొద్దున వాన డబ్బా చూసే మనిషి నోట్‌బుక్కు. అతనికి నా కృతజ్ఞతలు."

"నా పేరు రాసిండ్రా మేడం?"

"లేదు. నీ పనే రాశారు."

"గదే మంచిగున్నది," అన్నాడు. "నా పేరుతోని మా ఊర్లనే ఆరుగురున్నరు."

బస్సుకు టైమవుతోందని కట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. పొద్దున ఎనిమిదిన్నరకు అక్కడ ఉండాలి కదా.

ఇదంతా అయ్యాక నా పరపతి కొంత పెరిగింది, ఎంతో చెప్పను, మీలాంటి పిల్లల ముందు అది చాలా తక్కువ. నేను శుభోదయం కోసేసిన పిల్లకు మాత్రం, యాభై అయిన మర్నాడు, నీ శుభోదయం నేను చదివానమ్మా అని వ్యాఖ్య రాశాను. గంటలో కత్తెర దాన్ని తీసేశాడు. కోపం రాలేదు, అది అతని డ్యూటీ.

కానీ నాకు ఇంకా ఒక అనుమానం ఉంది. అందుకే ప్రతి ఏడూ తొలకరి పడగానే ఆ జవాబు తెరిచి కిందిదాకా చూస్తాను. నమస్కారాన్ని మూడుసార్లు తీసేసిన మనిషి, ధన్యవాదం కనిపిస్తే వదలని మనిషి, ఆ జవాబును ఆ తరువాత రెండుసార్లు దిద్దాడు. ఒకసారి ఒక కామా తీశాడు, ఇంకోసారి ఒక అక్షరం సరిచేశాడు. అడుగున ఉన్న కృతజ్ఞతల లైనును మాత్రం ముట్టుకోలేదు. ఈ ఏడు కూడా చూశాను, అలాగే ఉంది.